నూటా డెబ్బయ్యేడో బత్తీ

బల్లార్షాల రాత్రి పాళీకి సైరన్ మోగంగనే
లాంపు రూము కిటికీ తెరిచి కూర్చుంట.
ఇనుప జాలీ అవతల వరస.
బిళ్ల ఇచ్చి బత్తీ తీసుకుంటరు,
బత్తీ ఇచ్చి బిళ్ల తీసుకుంటరు.
కొక్కేనికి బిళ్ల వేలాడుతున్నదంటే
ఆ మనిషి ఇంకా భూమి కిందున్నట్టు.

ఈ నౌకరి నాకు ఎలీషా చావు ఇచ్చింది.
సాయిబు కాగితం మీద మరాఠీల రాసిండు,
నేను తెలుగుల సంతకం పెట్టిన.

మొదట్ల ప్రార్థన వచ్చేది కాదు.
మోకాళ్లు వంగుతయి, నోరు తెరుచుకోదు.
తెరుచుకుంటే ఒకటే మాట, ఎందుకు, అని.
అదీ సగంల ఆగేది.
పాస్టరమ్మ కృపావతమ్మ అన్నది:
మాటలు లేనప్పుడు అప్పు తెచ్చుకో బిడ్డా,
పక్కింట్ల ఉప్పు అడుగుతలేమా?
నూట పందొమ్మిదో కీర్తన తియ్యి.
పొడుగుది, తొందరగ ఒడువదు,
నీ దుఃఖం లెక్కనే.

లెక్కబెట్టిన. నూటా డెబ్బయ్యారు వచనాలు.
అరల మీద బత్తీలకూ నంబర్లే.
ఆ రాత్రి నుంచి ఏ నంబరు చేతికొస్తే
ఆ వచనం ఆ మనిషి కోసం.

పందొమ్మిది, రామిళ్ల ఓదెలు. పరదేశినన్న వచనం.
ముప్పై ఏండ్లాయె గోదావరి దాటి వచ్చి,
రేషన్ కార్డుల పేరు ఇంకా తప్పే పడ్తది.
నీ దగ్గరనన్న సరిగ్గ రాసుకో దేవా.

ఇరవై ఐదు, మడావి సోమా.
మట్టిని అంటుకున్న ప్రాణం.
దీనికి నేను వేరే చెప్పాల్నా?
పైకి వచ్చినంక చూడు వాని కనురెప్పలు.

అరవై రెండుకు నవ్వొస్తది.
నడిరాత్రి లేచి స్తుతిస్తా అంటడు ఆ భక్తుడు.
నగ్‌రాళే నడిరాత్రి ఓవర్‌మన్‌ను తిడుతడు.
అదీ లెక్కల రాసుకో,
తిట్టేటోడు బతికే ఉన్నడు.
(ఆయనది బుద్ధ విహారం.
ఆయన పేరున ప్రార్థన చేస్తున్నట్టు చెప్పలే నేను.)

నూటా అయిదు అందరికి ఎరికే, పాదాలకు దీపం.
ఆ బత్తీయే ఛార్జి పట్టది.
స్టోర్‌కు రెండుసార్లు రాసిచ్చిన.

ఎనభై మూడు.
దాని తాన ఆర్నెల్లు ఆగిన.
పొగల వేలాడే సిద్దె, అని ఉంటది.
సిద్దె అంటే తెలువదు నాకు.
తోలు తిత్తి, అన్నది కృపావతమ్మ,
పొగకు ఎండి, ముడుచుకపోయి, నల్లబడి.
దవాఖానల ఎలీషా ఊపిరి గుంజుకున్నప్పటి రొమ్ము
కండ్ల ముందటికొచ్చింది.
ఎన్నడో ఎవడో ఎడారిల రాసినోడు
మా ఆయన నంబరు మీద ఎట్ల రాసిండు?
ఆ రాత్రి ఏమడగలే.
ఆ ఒక్క మాట మీద వేలు పెట్టి
వేలు తియ్యలే.

ఇప్పుడది బిసాహు బత్తీ.
ఛత్తీస్‌గఢ్ పోరడు. దగ్గుతడు.
వానికి చదివేటప్పుడు గొంతు కొంచెం పెంచుత,
మొదటిసారి వినపడలేదేమో అని.

మొన్న సోమవారం ఒక కొత్త పిల్లగాడు.
మీసం సరిగ్గ మొలవలే.
బూట్లు పెద్దయి, వాళ్ల నాయినవి కావచ్చు.
బిళ్ల చూసిన. నూటా డెబ్బయ్యేడు.
కీర్తన నూటా డెబ్బయ్యారు కాడ అయిపోతది,
తప్పిపోయిన గొర్రె కాడ,
వెతుకు, అన్న మాట కాడ.
దాని కింద తెల్ల జాగ.

"తాయీ, బత్తీ" అన్నడు.
ఇచ్చిన. బెల్టు బిగించుకోరాక తిప్పల పడుతుంటే
కిటికీలకెల్లి చెయ్యి చాపి నేనే బిగించిన.
ఏ వచనం రాలే.
వీని తల్లి ఇయ్యాల పండుకోదు, అన్న.
ఎవరితోని అన్ననో నాకే ఎరుక లేదు.
రెండేండ్లకు నోట్లెకెల్లి ఒక సొంత మాట.

తెల్లారగట్ల వరస పైకొచ్చింది.
పందొమ్మిది. ఆమేన్.
ఇరవై ఐదు. ఆమేన్.
అరవై రెండు తిట్టుకుంట వచ్చిండు, ఆమేన్.
ఎనభై మూడు దగ్గుకుంట.
కొక్కేలు ఒక్కొక్కటే ఖాళీ అయినయి.
ఒక్క బిళ్ల మిగిలింది.

మొదటి పాళీ ఆమె వచ్చి జరుగు అంటున్నది.
జరుగలే.
పెద్ద బూట్లతోని ఎక్కి రావాలె, టైం పడ్తది గద,
అన్న, ఈసారి ఎవరితోనో తెలిసే.

ఇంక్లైన్ లోపల ఒక వెలుతురు ఊగింది,
నేలకు దగ్గరగ,
తన బూట్లనే చూసుకుంట.